చెయ్యి, చూపు, నోరు: ఓటీ నర్సుల శిక్షణలో వీఆర్ ఎంతవరకు?

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1985 నుంచి 2001 వరకు నమోదైన నష్టపరిహార కేసుల రికార్డులు తిరగేసి, హార్వర్డ్ పరిశోధకులు 2003లో ఒక అధ్యయనం వెలువరించారు. ఆపరేషన్ అయ్యాక ఒంట్లోనే ఏదో ఒక వస్తువు ఉండిపోయిన 54 మంది పేషెంట్ల వివరాలు అందులో ఉన్నాయి. అలా మిగిలిపోయినవాటిలో 69 శాతం రక్తం పీల్చడానికి వాడే మాప్‌లు, గాజ్ గుడ్డలే. మిగతావి పరికరాలు. అయితే ఆ అధ్యయనంలో అసలు గుచ్చుకునే అంకె వేరే ఉంది. లోపల ఏదైనా మిగిలిందా అని వాడిన వస్తువుల లెక్క తీసిన కేసుల్లో 88 శాతం సందర్భాల్లో చివరి లెక్క సరిపోయిందనే అనుకున్నారు. ఆ కేసుల్లో లెక్కపెట్టడం ఎవరూ మర్చిపోలేదు. లెక్కపెట్టారు, సరిపోయిందన్నారు, కుట్లు వేసేశారు.

ఆ లెక్క ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నర్సుల బాధ్యత. స్క్రబ్ నర్సు, అంటే చేతులు కడిగి గౌను, గ్లౌజులు వేసుకుని సర్జన్‌కు పరికరాలు అందించేవారు, ఒక్కొక్కటీ విడదీసి చూపిస్తారు, టేబుల్‌కు దూరంగా తిరుగుతూ కావాల్సినవి తెచ్చిచ్చే సర్క్యులేటింగ్ నర్సు చూస్తారు, ఇద్దరూ కలిసి పైకి లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు. కోత పెట్టక ముందు ఒకసారి, కడుపు మూసే ముందు ఒకసారి, చర్మానికి కుట్లు వేసేటప్పుడు మరోసారి. మధ్యలో డ్యూటీ మారితే ఇంకోసారి. ఓటీలో పనిచేసే ఏ నర్సును అడిగినా ఈ పద్ధతి గడగడా చెప్పేస్తారు. నిశ్శబ్దంగా ఉన్న క్లాసురూములో తప్పు లేకుండా చేసి చూపిస్తారు కూడా. మరి తప్పు ఎక్కడ జరుగుతోంది? అదే అధ్యయనం ప్రకారం ఎమర్జెన్సీ ఆపరేషన్లలో ఈ ప్రమాదం సుమారు తొమ్మిది రెట్లు, అనుకున్న ఆపరేషన్ మధ్యలో మరోలా మారినప్పుడు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. తెలిసిన పనే హడావుడిలో జారిపోతోంది.

ఓటీ నర్సులకు వర్చువల్ రియాలిటీతో, అంటే వీఆర్‌తో శిక్షణ గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. కళ్లకు తొడుక్కుంటే కంప్యూటర్ కట్టిన దృశ్యంలో ఉన్నట్టు చూపించే హెడ్‌సెట్లు అమ్మేవాళ్ల ప్రచారం ఎక్కువగా "చేత్తో చేసి నేర్చుకోండి" అన్న మాట చుట్టూ తిరుగుతుంది. ఈ సాధనం బాగా బలహీనంగా ఉన్నది సరిగ్గా ఆ చెయ్యి దగ్గరే. ఎటు చూడాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు నోరు విప్పాలి అన్నవాటిలో మాత్రం దీనికి గట్టి పట్టుంది. ఈ తేడా చూసుకోకుండా కొన్న పరికరాలు మూలన పడతాయి.

గోడవారగా నిలబడి నేర్చే చదువు

ఓటీలో కొత్తగా చేరిన నర్సు మొదట్లో చేసేది ఎక్కువగా నిలబడి చూడటమే. చేతులు ముడుచుకుని, దేనికీ తగలకుండా, గోడవారగా. టేబుల్ చుట్టూ నలుగురైదుగురు మూగి ఉంటారు కాబట్టి కోత దగ్గర జరిగేది సగం కూడా కనబడదు. కొన్నాళ్లకు సీనియర్ పక్కన స్క్రబ్ అయ్యి చిన్న కేసులు, ఆ తర్వాత పెద్ద కేసులు. ఇలా నేర్చుకున్నది గట్టిగా నాటుకుంటుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఏ కేసు ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఒకరి శిక్షణ కాలమంతా హెర్నియాలు, అపెండిక్స్‌లతోనే గడిచిపోవచ్చు. ఇంకొకరికి రెండో వారంలోనే రక్తం ఆగని కేసు ఎదురుకావచ్చు. ఆపరేషన్‌ని మధ్యలో ఆపి "ఇప్పుడీ ఫోర్సెప్స్ ఎందుకు అడిగారో చెప్పు" అనడం కుదరదు. సీనియర్‌కు ఓపిక ఉంటే అదృష్టం, లేకపోతే తిట్లు తింటూ నేర్చుకోవాలి.

వీఆర్ ఈ ఖాళీలోకే వచ్చింది. కానీ ఆ ఒక్క పేరు కింద అమ్ముడవుతున్న సరుకంతా ఒకటి కాదు. కొన్ని కేవలం 360 డిగ్రీల వీడియోలు. నిజమైన ఆపరేషన్‌ని చుట్టూ చూసే కెమెరాతో తీస్తారు, హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు తల తిప్పి ఎటైనా చూడొచ్చు, దేన్నీ ముట్టుకోలేరు. మొదటిసారి థియేటర్‌లో అడుగుపెట్టబోయేవాళ్ల బెదురు తీరడానికి ఇవి బాగానే పనికొస్తాయి, అంతకు మించి ఆశించకూడదు. రెండో రకంలో థియేటర్‌ని కంప్యూటర్‌లో కట్టి పెడతారు. ట్రాలీ సర్దొచ్చు, పరికరాలు అందించొచ్చు, తప్పు చేయొచ్చు. ఇందులోనే ఇంకో మెట్టు పైన, ఒకరు స్క్రబ్‌గా, ఇంకొకరు సర్క్యులేటింగ్‌గా, మూడో మనిషి మత్తు డాక్టర్‌గా వేర్వేరు చోట్ల నుంచి ఒకే వర్చువల్ గదిలో కలిసేవి ఉన్నాయి. ధర, ప్రయోజనం, నడపడానికి పడే శ్రమ మూడింటికీ వేర్వేరు. "వీఆర్ పనిచేస్తుందా" అని అడిగేవాళ్లు ముందు ఏ రకం గురించి అడుగుతున్నారో తేల్చుకోవాలి.

చెయ్యి తిరగాలంటే

స్క్రబ్ నర్సు రోజుకు లెక్కలేనన్నిసార్లు చేసే ఒక పని చూద్దాం. సూచర్ (కుట్లు వేసే దారం) ప్యాకెట్‌లోంచి సూదిని నీడిల్ హోల్డర్‌కు, అంటే సూదిని పట్టుకునే పరికరానికి, పట్టించడం. మొన వైపు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో సూదిని పట్టాలి. మొన దగ్గర పడితే మొద్దుబారుతుంది, దారం అతికిన చివర పడితే వంగిపోతుంది. దారం సర్జన్ అరచేతిలో నలగకుండా పక్కకు తీసి, మొన ఎటు తిరిగి ఉండాలో అటు ఉంచి, పిడి అరచేతిలో గట్టిగా తగిలేలా అందించాలి. ఆ తగలడం ముఖ్యం, ఎందుకంటే సర్జన్ కళ్లు కోత మీద నుంచి కదలవు, చెయ్యి ఒక్కటే వెనక్కి చాచి ఉంటుంది. ఎడమచేతి వాటం సర్జన్ అయితే సూదిని అటుదిటు పట్టించాలి. ఇంతా జరిగేది కొన్ని సెకన్లలో, రెండు జతల గ్లౌజులతో, కొన్నిసార్లు రక్తంతో జారుతున్న వేళ్లతో.

హెడ్‌సెట్ పెట్టుకుని ఇదే పని చేసేటప్పుడు చేతిలో ఉండేది ప్లాస్టిక్ కంట్రోలర్. బటన్ నొక్కితే తెర మీది చెయ్యి నీడిల్ హోల్డర్ పట్టుకుంటుంది. బరువు తెలియదు. లాక్ పడినప్పుడు బొటనవేలికి తెలిసే ఆ క్లిక్ ఉండదు. కొత్త హెడ్‌సెట్లు కంట్రోలర్ లేకుండానే వేళ్ల కదలికను పసిగడతాయి గానీ అప్పుడు చేతిలో అసలు ఏమీ ఉండదు, గాలిని పట్టుకుని గాలిని అందించాలి. సర్జన్ అరచెయ్యి ఎంత గట్టిగా తగిలిందో చెప్పడానికి చిన్న వైబ్రేషన్ తప్ప వేరే దారి లేదు. ఇలా వందసార్లు చేసినా చెయ్యి తిరగదు. పైగా బటన్ నొక్కడం అలవాటైన చేతికి నిజం పరికరం పట్టుకున్నప్పుడు కాస్త తడబాటు కూడా ఉండొచ్చు.

దీనికి ఎదురుగా ఒక అధ్యయనాన్ని తరచూ చూపిస్తుంటారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జరిగి 2002లో వెలువడినది. సర్జరీ నేర్చుకుంటున్న 16 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వీఆర్ శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత అందరిచేతా లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా, గాల్‌బ్లాడర్‌ను (పిత్తాశయాన్ని) విడదీసే పని చేయించారు. వీఆర్‌లో నేర్చుకున్నవాళ్లు 29 శాతం తక్కువ సమయంలో పూర్తిచేశారు. శిక్షణ లేనివాళ్లు గాల్‌బ్లాడర్‌కు గాయం చేసే అవకాశం, కాల్చకూడని చోట కాల్చే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఫలితం గొప్పదే, ఎవరూ కాదనలేరు. కానీ ప్రచార పత్రాల్లో రాయని విషయం ఏమిటంటే, అక్కడ హెడ్‌సెట్టే లేదు. ఎదురుగా మామూలు కంప్యూటర్ తెర, చేతుల్లో నిజమైన లాప్రోస్కోపీ పరికరాల్లాంటి రెండు పిడులు. ఆపరేషన్‌లోనూ సర్జన్ చూసేది తెరనే, పట్టుకునేది అలాంటి పిడులనే. చేతికి నిజంగా దొరికేది, సాధనలో దొరికినది ఒకటే కాబట్టి నేర్పు అటు నుంచి ఇటు వచ్చింది. ఇంకో సంగతి: ఇన్ని గంటలు సాధన చేయండి అని వాళ్లకు చెప్పలేదు, అనుభవజ్ఞులైన సర్జన్లు తెచ్చుకున్న స్థాయి అందుకునేదాకా చేయించారు. ఓటీ నర్సుల శిక్షణకు ఆ అధ్యయనం నుంచి తెచ్చుకోదగింది ఈ రెండో సంగతే.

నర్సింగ్ విద్యలో వీఆర్ మీద వచ్చిన ప్రయోగాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో వెలువడింది. 12 అధ్యయనాలు, 821 మంది. మామూలు పద్ధతులతో పోలిస్తే వీఆర్ వల్ల విషయ పరిజ్ఞానం మెరుగుపడింది. నైపుణ్యాల్లో, ఆత్మవిశ్వాసంలో, పని పూర్తిచేసే సమయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వీఆర్ అంటే చేతిపని నేర్పే యంత్రం అని నమ్మినవాళ్లకు ఇది నిరాశే. పైన చెప్పిన నీడిల్ హోల్డర్ సంగతి గుర్తుంటే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

చేతిపనికి చవకైన మందు ఉంది. పాతబడి పక్కన పెట్టిన పరికరాల ట్రే ఒకటి, గడువు తీరిన సూచర్ ప్యాకెట్లు కొన్ని, ఒక బల్ల, ఒక సీనియర్. ఏ పరికరం తర్వాత ఏది అడుగుతారో ఆ వరస హెడ్‌సెట్‌లో నేర్చుకుని, అదే రోజు ఈ బల్ల దగ్గర అందించడం సాధన చేస్తే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. మాప్‌ల విషయంలో ఈ బల్ల ఇంకా అవసరం. రక్తంతో తడిసిన మాప్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, రెండు ఒకటిలా కనిపిస్తాయి. వర్చువల్ మాప్‌లు అతుక్కోవు. చక్కగా విడివిడిగా, ఎత్తితే ఒక్కటే వచ్చేలా ఉంటాయి. లెక్క తప్పే అసలు కారణాల్లో ఒకటి అక్కడ కనబడనే కనబడదు. ఒక పళ్లెంలో రంగునీళ్లు పోసి నాలుగు మాప్‌లు తడిపి చేతికిస్తే ఆ పాఠం రెండు నిమిషాల్లో వస్తుంది.

కంటికి కనబడని గీతలు

ఇక చూపు సంగతి. థియేటర్ నిండా కనబడని గీతలుంటాయి, ఏది స్టెరైల్ (సూక్ష్మక్రిములు లేనిది), ఏది కాదు అని విడదీసేవి. గౌను తొడుక్కున్న నర్సుకు ఛాతీ నుంచి స్టెరైల్ బల్ల ఎత్తు దాకా ముందు భాగమే స్టెరైల్, వీపు కాదు, నడుం కింద కాదు. బల్ల మీద పరిచిన గుడ్డ పైభాగం స్టెరైల్, అంచు దిగి వేలాడే భాగం కాదు. స్క్రబ్ కాని మనిషి స్టెరైల్ చోటుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి, రెండు స్టెరైల్ బల్లల మధ్య నుంచి నడవకూడదు. స్క్రబ్ అయినవాళ్లు ట్రాలీకి వీపు చూపకూడదు. పుస్తకంలో ఇవన్నీ ఒక పేజీ. అటూ ఇటూ నలుగురు తిరుగుతున్న ఇరుకు గదిలో వీటిని ఒకేసారి మనసులో పెట్టుకోవడం ఇంకో సంగతి.

వీఆర్ పుట్టిందే ఇలాంటి పనికి అనిపిస్తుంది. తల ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది, చేతులు ఎక్కడున్నాయి అన్నది హెడ్‌సెట్‌కు ప్రతి క్షణం తెలుసు. చెయ్యి ఎప్పుడు కిందికి జారింది, ట్రాలీకి వీపు ఎన్నిసార్లు తిరిగింది అన్నది పక్కన నిలబడ్డ సీనియర్ కూడా అంత కచ్చితంగా చెప్పలేరు. సెషన్ అయ్యాక అదే దృశ్యాన్ని పైకప్పు నుంచి చూస్తున్నట్టు తిరిగి వేసి, "ఇక్కడ చూడండి, మీ చెయ్యి ఎక్కడుందో" అని చూపించొచ్చు. చెబితే ఒప్పుకోనివాళ్లు కూడా చూస్తే ఒప్పుకుంటారు.

అయితే చాలా ప్రోగ్రాముల్లో ఒక తేలిక దారి తొక్కుతున్నారు. స్టెరైల్ కానిది తగలగానే తెర ఎర్రగా వెలుగుతుంది, బీప్ అని మోగుతుంది. మొదటి రెండు మూడు సెషన్లకు అది మంచిదే. తర్వాత కూడా అలాగే ఉంచితే నేర్చుకునేవాళ్లు గీతను చూడటం మానేసి ఎరుపు కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. నిజం థియేటర్‌లో గ్లౌజుకు బల్ల అంచు తగిలితే ఏదీ వెలగదు, ఏదీ మోగదు. తనకు తానే గమనించి "గ్లౌజు మార్చాలి" అని చెప్పుకోవాల్సిందే, ఎవరూ చూడకపోయినా సరే. కాబట్టి హెచ్చరిక మెల్లగా తగ్గుతూ పోయి చివరికి పూర్తిగా ఆగిపోయేలా, తప్పులు సెషన్ ముగిశాకే బయటపడేలా ప్రోగ్రాము ఉండాలి. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

లెక్క దగ్గరికొస్తే వీఆర్ చేయగలిగేది ఇంకా ఎక్కువ. ఒక సన్నివేశం ఊహించండి. కడుపు మూసే ముందు లెక్క మొదలైంది. స్క్రబ్ నర్సు పాత్రలో ఉన్న అమ్మాయి "ఒకటి, రెండు, మూడు" అంటూ మాప్‌లు చూపిస్తోంది. ఆరు దగ్గర సర్జన్ దారం అడిగాడు. అందించేలోపు గోడ మీది ఫోను మోగింది, సర్క్యులేటింగ్ నర్సు అటు తిరిగింది. మత్తు డాక్టర్ ఇంకో సీసా రక్తం ఎక్కడని అడుగుతున్నాడు. మళ్లీ లెక్కకు వచ్చేసరికి ఇద్దరిలో ఒకరు "ఏడు" అన్నారు. అది ఏడా, ఆరా? ఇక్కడ సరైన పని ఒక్కటే: ఆ రకం వస్తువుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. సర్జన్ విసుక్కున్నా సరే. ఎక్కువమంది కొత్తవాళ్లు ఏడు నుంచే కొనసాగిస్తారు. సన్నివేశం రాసినవాళ్లు తెలివైనవాళ్లయితే అక్కడ నిజంగానే ఒక మాప్ తక్కువ పెట్టి ఉంచుతారు, మొత్తం మాత్రం సరిపోయినట్టు అనిపిస్తుంది.

నిజం థియేటర్‌లో ఇలాంటి అంతరాయాలు కావాలని పెట్టలేం. పెట్టకూడదు కూడా. క్లాసురూములో పెడితే అందరికీ నవ్వులాటలా ఉంటుంది. హెడ్‌సెట్‌లో మాత్రం ఫోను మోగితే తల తిరుగుతుంది, సర్జన్ గొంతు పెరిగితే గుండె వేగం పెరుగుతుంది. ఆ టెన్షన్‌లో లెక్క నిలబెట్టుకోవడం పదిసార్లు చేసి చూసినవాళ్లకు, పద్ధతి మాత్రమే తెలిసినవాళ్లకు మధ్య చాలా తేడా ఉంటుంది.

ఏళ్ల తరబడి ఎదురుకానివి

మెలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అని ఒక ప్రమాదం ఉంది. కొందరికి పుట్టుకతోనే ఉన్న జన్యు లక్షణం వల్ల, కొన్ని మత్తు వాయువులు గానీ సక్సినైల్‌కోలిన్ అనే మందు గానీ తగలగానే కండరాలు బిగుసుకుపోయి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి, ఉష్ణోగ్రత విపరీతంగా పెరుగుతుంది. 1960లో మెల్‌బోర్న్ డాక్టర్లు దీన్ని మొదట వివరించినప్పటి రోజుల్లో, ఇది వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయేవారు. డాంట్రోలీన్ అనే మందు వచ్చాక ఆ పరిస్థితి పూర్తిగా మారింది. పట్టించుకోవాల్సిన విషయం, ఇది ఎంత అరుదంటే కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా చూడని ఓటీ నర్సులే ఎక్కువ. చూసినవాళ్లకు మాత్రం చేతిలో ఉన్న సమయం నిమిషాల్లోనే.

ఆ నిమిషాల్లో నర్సులు ఏం చేయాలో చూడండి. డాంట్రోలీన్ మొదటి మోతాదు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 175 మిల్లీగ్రాములు. పాత రకం డాంట్రోలీన్ వయల్‌లో (చిన్న మందు సీసాలో) ఉండేది 20 మిల్లీగ్రాములే, అంటే తొమ్మిది వయల్స్ కావాలి. ఒక్కోదాన్నీ 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్‌తో కలపాలి, సెలైన్‌తో కలపకూడదు. త్వరగా కరగదు, బాగా ఊపాలి. అది మొదటి మోతాదు మాత్రమే, మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి పక్క థియేటర్ నుంచి మనుషుల్ని పిలిచి, ఎవరు కలపాలో, ఎవరు ఐస్ తేవాలో సర్క్యులేటింగ్ నర్సు పురమాయించాలి. ఇవన్నీ గోడ మీది పోస్టర్‌లో రాసే ఉంటాయి. ముచ్చెమటలు పడుతున్నప్పుడు పోస్టర్ దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన రావడమే కష్టం.

ఇలాంటివాటి జాబితాలో థియేటర్‌లో మంటలు కూడా చేర్చాలి. స్పిరిట్ ఆధారిత మందు చర్మం మీద పూర్తిగా ఆరకముందే గుడ్డలు కప్పేస్తే ఆవిరి వాటి కింద చిక్కుకుంటుంది, పక్కనే ఆక్సిజన్, పైనుంచి కాటరీ (కరెంటుతో కాల్చే పరికరం) నిప్పురవ్వ. కనీసం మూడు నిమిషాలు ఆరనివ్వాలన్న నియమం అందుకే. రోబో ఆపరేషన్ మధ్యలో రక్తం ఆగకపోతే, రోబో చేతుల్ని విడదీసి పక్కకు జరిపి కడుపు తెరవడానికి సిద్ధం చేయడం కూడా ఇలాంటిదే. వీటిని నిజం పేషెంట్ మీద సాధన చేసే ప్రశ్నే లేదు. బొమ్మ మనిషితో చేయొచ్చు గానీ అందుకు థియేటర్ ఖాళీగా దొరకాలి, అందరూ ఒకేసారి రావాలి. హెడ్‌సెట్ ఉంటే ఒక నర్సు మధ్యాహ్నం ఇరవై నిమిషాల్లో ఒకసారి, నెల తర్వాత మరోసారి చేసుకోవచ్చు. వీఆర్ పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం మొదట కనిపించేది ఈ అరుదైన ప్రమాదాల దగ్గరే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2014లో అమెరికాలో డాంట్రోలీన్ కొత్త రూపానికి అనుమతి వచ్చింది. ఒక్క వయల్‌లోనే 250 మిల్లీగ్రాములు, కలపడానికి 5 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. ఆసుపత్రి అలమరాలో ఒక రకం ఉండి, ప్రోగ్రాములో ఇంకో రకం ఉంటే ఆ శిక్షణ సాయం చేయకపోగా కీడు చేస్తుంది. తొమ్మిది వయల్స్ కోసం వెతికే చెయ్యి ఒక్క వయల్ చూసి ఆగిపోతుంది. ప్రోగ్రాములోని సన్నివేశాలను ఆసుపత్రివాళ్లే తమ సరుకుకు, తమ పద్ధతికి తగ్గట్టు మార్చుకునే వీలుందా లేదా అన్నది బొమ్మలు ఎంత నిజంగా ఉన్నాయన్నదాని కంటే ముఖ్యం.

నోరు పెగలాలి

2005లో బ్రిటన్‌లో ఒక మహిళ మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లారు. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వేయడం కుదరలేదు, ఆక్సిజన్ అందించడమూ కుదరలేదు. అనుభవమున్న ముగ్గురు డాక్టర్లు గొట్టం వేయడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. గొంతుకు రంధ్రం చేయాల్సిన పరిస్థితి అని అక్కడున్న నర్సులకు అర్థమైంది. ఒకరు దానికి కావాల్సిన సెట్ తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పారు. ఇంకొకరు ఐసీయూలో మంచం చూసి వచ్చి చెబితే, అంత అవసరమా అన్నట్టు చూశారు, ఆమె ఆ ఏర్పాటు రద్దు చేశారు. ఆ పేషెంట్ కొద్దిరోజులకు చనిపోయారు. ఏం చేయాలో తెలుసు గానీ ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదని నర్సులు తర్వాత చెప్పారు. ఆమె భర్త విమాన పైలట్. కాక్‌పిట్‌లో కింది ఉద్యోగి నోరు విప్పడానికి కూడా శిక్షణ ఉంటుందని తెలిసిన మనిషి. ఆరోగ్యరంగంలోనూ అది రావాలని ఆయన 2007లో ఒక సంస్థనే మొదలుపెట్టారు.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో స్క్రబ్ నర్సుల కోసం స్ప్లింట్స్ అనే ఒక అంచనా పద్ధతి తయారైంది. పరిస్థితిని గమనించడం, మాట్లాడటం-కలిసి పనిచేయడం, పనిని సర్దుకోవడం అని మూడు భాగాలు అందులో ఉంటాయి. చేతిపనికి అందులో చోటే లేదు, కావాలనే. వీఆర్ సన్నివేశాలు రాసేవాళ్లు ఈ మూడింటినీ ముందు పెట్టుకుని రాస్తే సగం పని అయినట్టే.

మాట విషయంలో వీఆర్‌కు ఒక వింత సౌలభ్యం ఉంది. వర్చువల్ మనుషుల ముఖాల్లో భావాలు సరిగా పలకవని అందరూ వంక పెడతారు. థియేటర్‌లో ఎలాగూ అందరికీ మాస్కులే, కనిపించేవి కళ్లు, వినిపించేది గొంతు. ఆ లోపం ఇక్కడ అంతగా తెలియదు. సర్జన్ పాత్ర విసుక్కునేలా, వినిపించుకోనట్టు ఉండేలా, రెండోసారి గట్టిగా చెబితేనే ఆగేలా సన్నివేశం రాయొచ్చు. "డాక్టర్ గారూ, మాప్ ఒకటి తక్కువగా ఉంది" అని మెల్లగా ఒకసారి అని ఊరుకునే అలవాటును, "లెక్క తేలలేదు, కుట్లు ఆపండి" అనేదాకా మెట్టుమెట్టుగా తీసుకురావచ్చు. 2006లో అమెరికాలో మొదలైన టీమ్‌స్టెప్స్ శిక్షణలో ఉన్నదీ ఈ మెట్ల పద్ధతే: ముందు ఆందోళనగా ఉందని చెప్పడం, ఆ తర్వాత ఇలా కొనసాగడం సరిగా అనిపించడం లేదనడం, చివరికి ఇది పేషెంట్ భద్రతకు సంబంధించిన విషయమని తేల్చి చెప్పడం.

కానీ ఇది జరగాలంటే నోటితోనే మాట్లాడించాలి. చాలా ప్రోగ్రాముల్లో తెర మీద నాలుగు వాక్యాలు చూపించి ఒకటి ఎంచుకోమంటారు. సరైన వాక్యం మీద వేలు పెట్టడం వేరు, ఎదుట పెద్ద డాక్టర్ ఉండగా ఆ మాట గొంతు దాటించడం వేరు. భాష కూడా ముఖ్యమే. థియేటర్‌లో రోజూ మాట్లాడే భాషలో కాకుండా, సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యే భాషలో, అది గుర్తుపట్టే యాసలో మాట్లాడాల్సి వస్తే నేర్చుకునేది వాక్యాలు అప్పగించడమే. అందుకే ఈ ఒక్క విషయంలో, సర్జన్ పాత్రలో ఇంకో మనిషే హెడ్‌సెట్ పెట్టుకుని ఉండే పద్ధతి ఏ కంప్యూటర్ పాత్ర కంటే నయం. అసలు సర్జన్లే వచ్చి ఆ పాత్ర వేస్తే వాళ్లకూ ఒక పాఠం అవుతుంది.

హెడ్‌సెట్ తీశాక

కళ్లు తిరగడం, వికారం గురించి భయం చాలామందికి ఉంటుంది. కంటికి కదలిక కనిపిస్తూ లోపలి చెవికి కదలిక తెలియనప్పుడు అలా అవుతుంది. ఓటీ శిక్షణకు ఇది పెద్ద అడ్డంకి కాదు, ఎందుకంటే అక్కడ నడిచేది నాలుగడుగులే, ఆ నాలుగడుగులూ నిజంగానే నడవొచ్చు. మొదటి సెషన్లు పది పదిహేను నిమిషాలకు మించకుండా చూసుకుని, ఇబ్బందిగా ఉందన్నవాళ్లను బలవంతపెట్టకపోతే చాలు. ఒకరి తర్వాత ఒకరు పెట్టుకునే హెడ్‌సెట్‌ను తుడవడం, ముఖానికి తగిలే భాగానికి కవరు మార్చడం ఓటీ నర్సులకు చెప్పాల్సిన పని కాదు.

అసలు నేర్చుకోవడం చాలావరకు హెడ్‌సెట్ తీశాకే జరుగుతుంది. అమెరికాలో పది నర్సింగ్ కాలేజీల్లో చేసి 2014లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో, వార్డుల్లో చేయాల్సిన శిక్షణ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో, అంటే నిజం పేషెంట్లు లేని నకలు సన్నివేశాలతో, భర్తీ చేసినా ఫలితాల్లో తేడా రాలేదని తేలింది. అది ఎక్కువగా బొమ్మ మనుషులతో, పాత్రధారులతో చేసిన శిక్షణ, వీఆర్ కాదు. ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు హెడ్‌సెట్లకు అంటగట్టడం సరికాదు. అక్కడి నుంచి తెచ్చుకోదగింది ఏమిటంటే, ఆ సిమ్యులేషన్లను దాని కోసమే శిక్షణ పొందిన టీచర్లు నడిపారు, ప్రతిదాని తర్వాత కూర్చుని ఏం జరిగింది, ఎందుకు అలా చేశారు అని పద్ధతి ప్రకారం మాట్లాడించారు. వీఆర్ ఈ డీబ్రీఫింగ్‌ను తేలిక చేస్తుంది, తల ఎటు తిరిగిందో కూడా రికార్డు ఉంటుంది కాబట్టి. కానీ దాన్ని తానే చేయలేదు. తెర మీద వంద మార్కులకు ఎన్నొచ్చాయో చూపించి ఇంటికి పంపేస్తే అది ఆటే అవుతుంది.

ఆ రికార్డు ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా ముందే తేల్చుకోవాలి. సాధనలో చేసిన తప్పులు పై అధికారి టేబుల్ మీదికి, ప్రమోషన్ ఫైల్లోకి వెళ్తాయని తెలిస్తే ఎవరూ తప్పు చేసి నేర్చుకోరు, మార్కులొచ్చే దారి వెతుక్కుంటారు. పరీక్ష పెట్టాలనుకుంటే విడిగా, ముందే చెప్పి పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు డ్యూటీ చార్ట్ దగ్గర వస్తుంది. ఇరవై నిమిషాల సెషన్, అరగంట డీబ్రీఫింగ్, హెడ్‌సెట్ పెట్టుకుని తీయడానికి పది నిమిషాలు కలిపితే ఒక నర్సుకు గంట, పక్కన ఉండే సీనియర్‌కు గంట. ఇద్దరు కలిసి చేసే సన్నివేశమైతే ముగ్గురు ఆ గంట థియేటర్‌లో ఉండరు. డ్యూటీ అయ్యాక చేసుకోండి అంటే రెండు వారాలు వస్తారు, మూడో వారం నుంచి రారు. ఆ గంటలో వాళ్ల స్థానంలో ఎవరుంటారో పేరుతో సహా చార్ట్‌లో రాసుకున్నాకే ఎన్ని హెడ్‌సెట్లు కొనాలో లెక్కవేయాలి. చాలాచోట్ల ఆ లెక్క వేసి చూస్తే రెండు చాలునని తేలుతుంది.